ఆ పెట్టెలకు బంగారు రంగు కొట్టకండి

ఈసారి కొంచెం గట్టిగానే రాస్తున్నాం. కోపం వస్తే కింద కామెంటులో తిట్టండి, ఫోన్ మాత్రం చెయ్యకండి, ఇంట్లో వాళ్ళు ఎత్తుతారు.

సంఘం గదిలో గని కాలం సామాన్లు పెడదామని పోయిన మీటింగులో అనుకున్నారు. సంతోషం. కానీ ఇళ్ళనుంచి వచ్చే ఇనప టూల్ బాక్సులన్నీ గ్రైండరుతో గీకించి, అన్నిటికీ ఒకే బంగారు రంగు స్ప్రే కొట్టించి, మూతమీద దాత పేరు రాయిద్దామని మొన్న గ్రూపులో పెట్టారు. నలభైమంది చేతులు జోడించిన బొమ్మలు కూడా పెట్టేశారు. మేము పెట్టలేదు. ఎందుకో చెప్తాం.

1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేవరకు ఇక్కడ లోపలికి దిగినవాళ్ళకు ఏం మిగిలింది? బంగారం ఎవరింట్లోనూ లేదు. షాఫ్టులు నీళ్ళతో నిండాయి, సైనైడ్ దిబ్బల ధూళి గాలొస్తే ఇంట్లో కొస్తుంది. ఫిట్టరు ఇంట్లో, కార్పెంటరు ఇంట్లో అటకమీద ఒక పెట్టె ఉంటుంది, అంతే. ఆ పెట్టెమీద సుత్తీ పంచీ పెట్టి కొట్టిన నంబరుంటుంది. మూత లోపల మేకుతో గీసిన పేరుంటుంది. మా వీధిలో ఒక పెట్టెలో పేరు తమిళంలో ఉంది, కిందనే ఇంకో చేతిరాతలో తెలుగులో ఇంకో పేరుంది. తండ్రి పెట్టె అల్లుడికి వచ్చిందట. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, తెలుగు అక్షరాలు తర్వాత చందమామలో కూడబలుక్కున్నాం, అందుకని రెండూ చదవగలిగాం. గ్రైండరు ఏ భాషా చదవదు. ఒక్క నిమిషంలో రెండు పేర్లూ పోతాయి.

‘తుప్పు పట్టిన డబ్బా ఎవరు చూస్తారన్నా’ అంటారు. తుప్పు తీయొద్దని ఎవరన్నారు? తుప్పు తీసే పద్ధతి వేరు, చర్మం వలిచే పద్ధతి వేరు. బెంగళూరు హోటళ్ళ అలంకారానికి తూకం లెక్కన కొనుక్కుపోయేవాళ్ళు వలుస్తారు. మనమూ అదే చేస్తే గుజరీ అంగడికీ మన సంఘానికీ తేడా ఏముంది?

ఇంకో సంగతి గ్రూపులో ఒక్కరూ అడగలేదు. పాత ఎర్ర పెయింటులో సీసం ఉండొచ్చు. ఇళ్ళకు వేసే పెయింటులో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదన్న రూలు మన దేశంలో అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. గని కాలం పెయింటు సంగతి మీరే ఊహించుకోండి. దాన్ని పొడిగా గ్రైండరు పెట్టి గీకితే ఆ దుమ్ము పీల్చేది ఎవరు? రోజుకూలికి వచ్చిన పిల్లవాడు. రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు ఇచ్చిన ఊరు మనది. సిలికోసిస్ అంటే ఇక్కడ చిన్నపిల్లలకు కూడా అర్థం తెలుసు. గని పేరు చెప్పి మళ్ళీ ఒకడికి దుమ్ము తినిపిస్తామా?

ఇంట్లోనే చేసుకోవచ్చు, రెండు ఆదివారాలు చాలు. ముందు నంబరు, పేరు ఫోటో తీసుకోండి. సబ్బు నీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి. బిగుసుకున్న కీళ్ళకు, గొళ్ళానికి కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేయండి, సుత్తితో కొట్టకండి. ఉప్పుకాగితం తడిచేసే రుద్దండి, మూతికి గుడ్డ కాదు, మంచి మాస్కు కట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. రుద్దిన గుడ్డలు, మురికి నీళ్ళు పెరట్లో పారబోయకండి. పెయింటు లేనిచోట ముదురు తుప్పుంటే వెనిగర్‌లో తడిపిన గుడ్డ వేసి కొన్ని గంటలుంచండి. తర్వాత సోడా ఉప్పు నీళ్ళతో కడిగి వెంటనే ఆరబెట్టాలి, లేకపోతే మర్నాటికి కొత్త తుప్పు. జింకు పూత రేకైతే వెనిగర్ వద్దేవద్దు, పూతనే తినేస్తుంది. అడుగున మాత్రం రెడ్ ఆక్సైడ్ కొట్టండి, తేమ పట్టేది అక్కడే. పైన పలచగా అవిసె నూనె రాసి తుడిచేయండి. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయొద్దు, తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి బయట ఆరేయండి. ఊడిన రివెట్టుకు పాప్ రివెట్టు కొట్టించకండి. రేకుపని చేసే ముసలాయన ఆండర్సన్‌పేటలో ఇంకా దొరుకుతాడు, ఆయనకు నాలుగు డబ్బులు వస్తాయి.

దాత డబ్బిస్తున్నాడు కదా అంటారా? ఇవ్వనీయండి, దండం పెడతాం. ఆయన పేరు గోడమీద పెద్ద బోర్డు రాయించి తగిలించండి. ముప్పైయేళ్ళు పెట్టె మోసినవాడి పేరు చెరిపి అదే రేకుమీద మోయనివాడి పేరు రాయడానికి మాత్రం మా సంతకం ఉండదు.

రైల్వేలో మేము పార్సిలు రిజిస్టర్లు రాశాం. ఏ పెట్టె ఎవరిది, ఎక్కడినుంచి వచ్చింది అని ఒక వరుస రాయకుండా డబ్బాను గోడౌన్‌లోకి రానిచ్చేవాళ్ళం కాదు. సంఘం గదిలోనూ అదే చేద్దాం. ఇచ్చినవాళ్ళ పేరు, వాడినవాళ్ళ పేరు, గని పేరు, చాంపియన్ రీఫా, నందిదుర్గమా, మైసూరు మైనా, పెట్టెమీదున్న నంబరు. పుస్తకం మేమే కొంటాం, రాతపని మాది. వచ్చే ఆదివారం పది గంటలకు సంఘం గదిలో ఉంటాం. పెట్టె తెచ్చేవాళ్ళు గీకకుండా, కడక్కుండా ఎట్లుందో అట్లే తెండి. స్ప్రే డబ్బాలు కొన్నవాళ్ళు బిల్లు ఉంటే అంగడిలో వాపసు ఇచ్చేయండి.