టర్బో పోయిందా? ఎందుకు పోయిందో అడిగారా?

బండి పికప్ లేదు, పొగ కొడుతోంది అని షెడ్డుకి తీసుకెళ్తే చాలామందికి వినిపించే తీర్పు ఒకటే: "టర్బో పోయింది సార్, మార్చాల్సిందే." డీజిల్ కారులో ఖరీదైన పార్టుల్లో టర్బో ఒకటి. మా తిరువూరులో సెకండ్ హ్యాండ్ డీజిల్ స్విఫ్టులు, డిజైర్లు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 రూల్ రాగానే మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అంటే ఇవన్నీ అంతకుముందు తయారైనవే. అలాంటి బండితో కిరాయిలు కొట్టుకుని బతికేవాళ్లకి ఆ ఒక్క మాటతో కొన్ని నెలల మిగులు ఎగిరిపోతుంది.

అందుకే డబ్బు తీసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఎందుకు పోయింది?"

కోడ్ రాసేవాళ్లం ఎర్రర్ కనిపించిన లైన్లోనే తప్పుందని నమ్మం, వెనక్కి వెళ్లి వెతుకుతాం. టర్బో విషయంలోనూ అదే చెయ్యాలి. తనంతట తాను పాడయ్యే టర్బోలు తక్కువ. ఆయిల్ అందకో, దుమ్ము మింగో పోయేవే ఎక్కువ.

అదెలా పనిచేస్తుందో తెలిస్తే ఈ సంగతి అర్థమవుతుంది. ఇంజన్ నుంచి బయటికొచ్చే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో చివర ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. కార్లలో ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో దాన్ని మోసేది చాలా టర్బోల్లో పల్చటి ఆయిల్ పొర మాత్రమే. ఆ పొర కాసేపు తెగినా ఇరుసు అరిగిపోతుంది.

ముందు పొగ రంగు చూడండి. నల్ల పొగ వస్తూ పికప్ పడిపోతే డీజిల్‌కి సరిపడా గాలి అందట్లేదని అర్థం. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. అయితే ఇంజన్ రింగులు అరిగినా నీలం పొగే వస్తుంది, కాబట్టి రంగు ఒక్కటే చూసి తేల్చెయ్యకూడదు.

తర్వాత తక్కువ ఖర్చు పనులతో మొదలుపెట్టండి. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్నుంచి ఇంజన్‌కి వెళ్లే గొట్టాలు చూడండి. క్లిప్ వదులైనా, అడుగున చిన్న చీలిక పడినా నొక్కిన గాలి అక్కడే బుస్సుమని పోతుంది. పంక్చర్ షాపులో ట్యూబుని నీళ్లలో ముంచినట్టే, ఈ గొట్టాల్లోకి గాలి పెట్టి సబ్బు నీళ్లు చల్లితే బుడగలు చోటు చూపిస్తాయి. ఆ తర్వాత బూస్ట్‌ని అదుపు చేసే యాక్చుయేటర్, దానికెళ్లే సన్న వాక్యూమ్ పైపు. పైపు పగిలినా, మసి పట్టి రాడ్ ఇరుక్కుపోయినా లక్షణాలు అచ్చం టర్బో పోయినట్టే ఉంటాయి.

ఫోన్‌కి కలిసే చిన్న ఓబీడీ స్కానర్ ఉంటే ఇంకా మంచిది. కానీ పీ0299 అనే కోడ్ వస్తే కంగారు పడొద్దు. బూస్ట్ తక్కువగా ఉందని మాత్రమే అది చెప్తుంది. టర్బో చచ్చిపోయిందని చెప్పదు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు, ఇంజన్ ఆపి చల్లారాక, గొట్టం విప్పి ఇరుసు పట్టుకుని చూడమనండి. పక్కలకి కొంచెం ఊగడం మామూలే. ముందుకీ వెనక్కీ ఆడినా, చక్రం గోడకి రాసుకున్నా టర్బో నిజంగానే పోయినట్టు. గొట్టంలో పల్చటి ఆయిల్ తడి ఉంటే భయం లేదు, మడుగు కడితే మాత్రం ఆలోచించాలి.

నిజంగా పోయినా మొత్తం కొత్తది కొనాలనేం లేదు. మధ్యలో ఉండే కార్ట్రిడ్జ్ ఒక్కటే మార్చి బాగుచేసే వీలుందేమో విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అడిగి చూడండి. ఏది వేయించినా ఆయిల్ వచ్చే పైపు, తిరిగి వెళ్లే పైపు శుభ్రం చేయించాలి, లేదా మార్పించాలి. తిరిగి వెళ్లే దారి పూడితే కొత్త టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కొత్తవి వెయ్యాలి. ఇంటర్‌కూలర్‌లో మిగిలిన పాత ఆయిల్, ఇనుప ముక్కలు కడిగించాలి. స్టార్ట్ చేసే ముందు టర్బోలో ఆయిల్ నింపాలి. ఇందులో ఒక్కటి వదిలేసినా మళ్లీ అదే షెడ్డు, అదే బిల్లు.

ఒక హెచ్చరిక. నీలం పొగ దట్టంగా వస్తుంటే "ఎలాగోలా విజయవాడ దాకా పోనిద్దాం" అనుకోవద్దు. టర్బో నుంచి కారే ఆయిల్‌నే ఇంధనంగా తాగి డీజిల్ ఇంజన్ అదుపు తప్పి పరిగెత్తొచ్చు. అప్పుడు తాళం తిప్పినా ఆగదు. గేర్ల బండి ఆగి ఉంటే బ్రేక్ గట్టిగా తొక్కి, పై గేర్ వేసి క్లచ్ వదిలితే ఇంజన్ ఆగే అవకాశముంది. కుదరకపోతే దిగి దూరంగా వెళ్లిపోండి. చేతులు మాత్రం లోపల పెట్టొద్దు.

మిగతావన్నీ అలవాట్లే. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్, చెప్పిన టైముకి మార్చండి. స్టార్ట్ చెయ్యగానే రేజ్ చెయ్యొద్దు. హైవే మీద గట్టిగా తోలి వచ్చాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. మామిడి సీజన్లో తోటల మట్టి బాటల్లో తిరిగి, లోడుతో నున్న మార్కెట్‌కి పరిగెత్తే పికప్పులైతే ఎయిర్ ఫిల్టర్‌ని ఇంకా తరచుగా చూసుకోవాలి.

చివరిగా, పాత టర్బో అడిగి తీసుకోండి. దాన్ని చేతిలో పెట్టి "ఇదిగో, ఇందుకు పోయింది" అని చూపించే మెకానిక్ దొరికితే ఆ నంబర్ సేవ్ చేసుకోండి.