రికార్డు రాసేముందు

పరిశోధన అంటే పేపర్ల లెక్కేనంటారు కొందరు మిత్రులు. నేనొప్పుకోను. మన క్యాంపస్ వదిలి, తార్నాక దాటగానే వచ్చే సి.సి.ఎం.బి.లో డాక్టర్ ఎస్. శివాజీ గారు చేసిన పనే చూడండి. అంటార్కిటికా చలిలో బతికే బాక్టీరియాను ఏళ్ల తరబడి శోధించిన మనిషి ఆయన. 2005లో హైదరాబాదు నుంచి ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులోని గాలిని పట్టి తెచ్చింది. అందులో దొరికిన మూడు కొత్త జాతులకు 2009లో ఆయన బృందం పేర్లు పెట్టింది. వాటిలో ఒకటి బాసిల్లస్ ఆర్యభట్టై. ఆ జాతి తర్వాత పంటనేలల్లోనూ కనబడింది. 2020లో దాన్ని ప్రీస్టియా ప్రజాతిలోకి మార్చినా ఆర్యభట్టు పేరు చెక్కుచెదరలేదు. బ్రెజిల్‌లో మొక్కజొన్న నీటి ఎద్దడికి తట్టుకోవాలని ఆ జాతినే వాడుతున్నారు. ఇక్కడ లక్షణాలు సరిగ్గా రాసిపెట్టబట్టే అక్కడివాళ్లు తమ నేలలోని జీవిని పోల్చుకోగలిగారు. ప్రభావమంటే అదీ! ప్రాక్టికల్ రికార్డు పక్కవాడిది చూసి దించేముందు ఆలోచించండి: మనం రాసిందాన్ని నమ్ముకుని రేపెవరో పని మొదలుపెడతారు.