పొగగంట గొంతు నొక్కకండి

అమెరికాలోని తెలుగిళ్ళలో కప్పుకు అంటిపెట్టుకొని ఉండే స్మోక్ డిటెక్టరు దుస్థితిని గూర్చి నాలుగు మాటలు కటువుగానే చెప్పదలచాను. (నేను దానిని పొగగంట అంటాను. నచ్చనివారు ఆంగ్లనామంతోనే చదువుకోవచ్చు.) ఒకరింట దానికి ప్లాస్టిక్ సంచి తొడిగి ఉంటుంది. మరొకరింట దాని బ్యాటరీలు టీవీ రిమోటులోకి చేరి ఉంటాయి. అడిగితే, "పోపు వేస్తే చాలు, గోల చేస్తుందండీ!" అని సమాధానం.

గోల చేయక మరేం చేస్తుంది? ఎండుమిర్చి మాడిన పొగకూ, పరుపు అంటుకొన్న పొగకూ భేదమెంచే వివేకం దానికెక్కడిది? కొండమీద పొగను చూచి నిప్పును ఊహించడం మన తర్కశాస్త్రంలో అనుమానప్రమాణానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ పాఠాన్ని తరతరాలుగా వల్లించినవాళ్ళం, అదే పని చేసే యంత్రం గొంతు నొక్కడం ఏ న్యాయం?

పోపు బాధకు వేరే మందుంది. అమెరీషియం-241 లేశమాత్రంగా ఉండే అయొనైజేషన్ రకం భగ్గున లేచే మంటను త్వరగా గుర్తిస్తుంది. వంటపొగకు ఊరికే అరిచేదీ ఎక్కువగా అదే. కాంతితో పనిచేసే ఫోటోఎలక్ట్రిక్ రకం నివురుగప్పి రాజుకొనే నిప్పును ముందుగా పసిగడుతుంది. పొయ్యికి కనీసం 10 అడుగుల దూరాన ఈ రెండవ రకాన్ని పెట్టించండి. పోపుకు ముందు కిటికీ తెరవండి. బయటికి గొట్టంలేని హుడ్ ఆ పొగను తిరిగి మీ ముఖానే ఊదుతుంది!

"బొత్తాము నొక్కితే మోగింది, ఇంకేం?" అనేవారు కొందరు. నెలకొకసారి నొక్కవలసినదే. కాని అది గొంతుకు పరీక్ష, ముక్కుకు కాదు. దుమ్ము చేరి, లోపలి భాగాలు ముసలివై, పొగను పట్టే శక్తి సన్నగిల్లుతుంది. అందుకే తయారైన తేదీనుండి 10 ఏళ్ళకు మొత్తం యంత్రాన్నే మార్చాలి. కొన్న తేదీ లెక్కకు రాదు. తయారీ తేదీ వెనుకవైపు అచ్చువేసి ఉంటుంది. 10 ఏళ్ళ సీలు బ్యాటరీ ఉన్నదానికీ ఇదే గడువు.

అద్దె ఇల్లంటారా? అమర్చడం యజమాని బాధ్యతే కావచ్చు, బ్యాటరీ పీకినది ఆయన కాదుగదా!

అమెరికా ఇళ్ళలో అగ్నిప్రమాద మరణాలు ఐదింట సుమారు మూడు, ఈ గంట లేని, లేదా ఉండీ పనిచేయని ఇళ్ళలోనే సంభవిస్తున్నాయని అక్కడి అగ్నిరక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ లెక్కలు చెబుతున్నాయి. అవి పెంకుల సందుల్లోంచి పొగ పోయే మన పాత ఇళ్ళు కావు, తలుపులు బిగించిన కొయ్య ఇళ్ళు. నిద్రలో ముక్కును నమ్ముకోలేము. పొగ వాసన మనిషిని లేపకపోగా, అందులోని విషవాయువు మరింత మత్తులో ముంచుతుంది.

ఆరునెలలు ఉండిపోదామని వచ్చిన తల్లిదండ్రుల గది సంగతి మరీ ముఖ్యం. వినికిడి తగ్గినవారి చెవికి మామూలు గంట కీచుస్వరం అందకపోవచ్చు. 520 హెర్ట్జ్ మంద్రస్వరంతో మోగేవి విడిగా దొరుకుతాయి. ఆ గదిలో అది పెట్టించండి.