ఫోర్సెప్స్ - ఒక క్లోజ్డ్ సోర్స్ కథ

ఓపెన్ సోర్స్ గొప్పదా, క్లోజ్డ్ సోర్స్ గొప్పదా అని మనవాళ్ళు గంటలకొద్దీ కొట్టుకుంటారు. ఆ గొడవలో ఛాంబర్లెన్ కుటుంబం సంగతి ఎవరూ ఎత్తగా నేను చూడలేదు.

పదహారో శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి ఇంగ్లండుకి వలసొచ్చిన వైద్యులు వీళ్ళు. కాన్పులో బిడ్డ తల ఇరుక్కుపోతే, అప్పట్లో చాలాసార్లు బిడ్డని కొక్కేలతో ముక్కలుగా లాగి తల్లిని బతికించుకోవడమే దారి. వీళ్ళు రెండు వంపు తిరిగిన గరిటెల్లాంటివి చేసి, ఒక్కోటీ విడిగా లోపలికి పోనిచ్చి, తలకి చెరోపక్క పట్టించి, అప్పుడు రెంటినీ బిగించి బిడ్డని ప్రాణంతో తీశారు. అదే ఫోర్సెప్స్. తీసి ఊరుకున్నారా? వందేళ్ళకి పైగా ఇంటిగుట్టుగా దాచుకున్నారు! గదిలోకి బంధువుల్ని రానిచ్చేవాళ్ళు కాదట, తల్లికి కళ్ళగంతలు కట్టేవాళ్ళట. ఎసెక్స్ లో వాళ్ళ పాత ఇంటి నేలచెక్కల కింద ఆ పనిముట్లు 1813లో బయటపడ్డాయి (అప్పటికే ఫోర్సెప్స్ సంగతి లోకానికి తెలిసిపోయిందనుకోండి). ఆ మధ్యకాలంలో పోయిన ప్రాణాల లెక్క ఎవరు కట్టాలి?

ఇప్పుడు దాపరికం లేదు. 1950లలో స్వీడన్ డాక్టరు మాల్మ్‌స్ట్రోమ్ వాక్యూమ్ కప్పు కూడా తెచ్చాడు. గర్భద్వారం పూర్తిగా తెరుచుకుని, తల బాగా కిందికి దిగాక, తల్లి ఓపిక అయిపోయినా, బిడ్డ గుండె తేడాగా కొట్టుకుంటున్నా, నొప్పితో పాటు లాగితే నిమిషాల్లో తేలే కాన్పులుంటాయి. రిస్కు లేదనను. ఫోర్సెప్స్ తో తల్లికి చిరుగులు ఎక్కువ, వాక్యూమ్ తో బిడ్డ తలమీద నెత్తురు గడ్డ కట్టొచ్చు. రెండు మూడుసార్లు లాగినా కదలకపోతే ఆపేసి ఆపరేషనుకి వెళ్ళాల్సిందే. కానీ తల అంత కిందికి దిగాక పెద్దాపరేషనూ సుఖమేం కాదు. గర్భసంచి కోత ఇంకా చీలొచ్చు, రక్తం పోవచ్చు, ఆ మచ్చ తర్వాతి కాన్పుకి తలనొప్పి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 81.5. డాక్టర్లనొక్కళ్ళనే తిట్టి లాభం లేదు. ముహూర్తం పట్టుకొచ్చేది మనమే. ఫోర్సెప్స్ వేశాక తేడా వస్తే "లాగి పాడుచేశారు" అని అద్దాలు పగలగొట్టేదీ మనమే. ఆపరేషన్ లో తేడా వస్తే "చేయగలిగినంతా చేశారు" అంటాం. ఇక ఏ డాక్టరు సాహసిస్తారు? సీనియర్లు చెయ్యకపోతే జూనియర్లు ఎక్కడ చూసి నేర్చుకుంటారు? ఎవరూ వాడని ఫీచర్ని మనం తర్వాతి రిలీజులో పీకేస్తాం చూడండి, ఇదీ అలాగే పోతోంది. పుస్తకంలో ఉంటుంది, చేతిలో ఉండదు.

ఇంట్లో కాన్పు దగ్గరపడినవాళ్ళు ఏసీ రూము, వైఫై ఎలాగూ అడుగుతారు. అర్ధరాత్రి డ్యూటీలో వాక్యూమ్, ఫోర్సెప్స్ వెయ్యడం బాగా వచ్చిన డాక్టరు ఉంటారా, వాళ్ళు ఈ మధ్య అవి వేశారా అని కూడా ఓ మాట అడిగి చూడండి.