అమ్ముకోలేని గూటికి అమ్మకపు ధర కట్టి పన్నా?

ఇల్లున్న ప్రతివాడూ ఆస్తిపరుడేనా? 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మునిసిపల్ చట్టాలు సవరించి ఇచ్చిన జీవో చూస్తే అట్లాగే అనుకోవాలి. అంతకుముందు ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందో లెక్కగట్టి పన్ను వేసేవారు. ఆ లెక్కలోనూ లొసుగులున్నాయి. పలుకుబడిగలవాడి మేడకు తక్కువ అద్దె రాసే గుమాస్తాలు మనకు కొత్త కాదు. అయినా అద్దె అంటే ఆ ఇంటి మీద చేతికొచ్చే డబ్బు. 2021 ఏప్రిల్ నుండి ఆ పద్ధతి పోయింది. స్థలానికీ కట్టడానికీ కలిపి రిజిస్ట్రేషన్ విలువ కట్టి, నివాస గృహాలకు అందులో 0.10 నుండి 0.50 శాతం దాకా వేయవచ్చన్నారు.

ఇది ఎక్కడ పుట్టింది? 2020 మేలో, కరోనా కాలంలో, రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే కేంద్రం సంస్కరణల షరతు పెట్టింది. పట్టణాల ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువకు ముడిపెట్టడం అందులో ఒకటి. సర్కారు అప్పుకు కూలివాడి గడప తాకట్టు పడింది.

పెద్ద విలువ ఉన్నవాడు పెద్ద పన్ను కడతాడు, అన్యాయమేముంది అంటున్నారు కొందరు పెద్దమనుషులు. లెక్క చూద్దాం. ఊరంతటికీ 0.12 శాతం అనుకోండి. 5 లక్షల ఇంటికి 600, 50 లక్షల మేడకు 6,000. ఆ మేడవాడికి అది పై వాటా ఒక నెల అద్దె. నాట్లకూ కోతలకూ మాత్రమే పని దొరికే మన ఆడకూలికి 600 ఎన్ని పూటల గింజలు!

పైగా ఆ 5 లక్షలు ఆమె సంపాదించినవి కావు. పక్కన బైపాస్ పడింది, రియల్ ఎస్టేట్‌వాళ్లు వెంచర్లు వేశారు, ప్రభుత్వం విలువ పెంచింది. ఆమె కూలి మాత్రం పెరగలేదు. అదీ అసైన్డు పట్టా అయితే మరీ విడ్డూరం. 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమి అమ్మకూడదు. ఇళ్ల స్థలాలకు తర్వాత సడలింపులిచ్చినా, ఏళ్ల తరబడి ఆగాల్సిందే. అమ్మనివ్వని జాగాకు అమ్మకపు ధర కట్టడమేమిటి?

ఊళ్లను పట్టణాల్లో కలిపేయడం ఇంకో దెబ్బ. 2021లో మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ అట్లాగే ఏర్పడింది. ఊరు పట్టణమైతే కూలీలకు ఉపాధి హామీ పని పోయింది, పట్టణ పన్ను వచ్చింది.

ఏడాదికి 15 శాతం మించి పెంచమన్నారు. ఏటా అంతే పెంచుకుంటూ పోతే 100 రూపాయలు అయిదేళ్లకు 201! 375 చదరపుటడుగుల లోపు సొంతింటికి ఏడాదికి 50 రూపాయలే అన్నారు, మంచిదే. కానీ ప్రభుత్వం కాలనీల్లో కట్టించిన ఇల్లే 340 అడుగులు. వెనక అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు వంటగది వేస్తే హద్దు నిండింది. కొడుక్కి పెళ్లి చేసి చిన్న గది దించితే హద్దు దాటినట్టే.

అసైన్డు స్థలాల్లోని కూలీల ఇళ్లను రిజిస్ట్రేషన్ విలువ నుండి తప్పించాలి. విలువ పెరిగేకొద్దీ శాతం పెరిగేలా శ్లాబులు పెట్టాలి. ప్రజలనడగకుండా ఊళ్లను కలపకూడదు. 2021లో వేసిన చెత్త పన్ను 2024లో రద్దయింది కదా, ఇదీ కదలని రాయి కాదు.

ముందు చేతికొచ్చిన నోటీసు చూసుకోండి. కొలతలు సరిగా రాశారో లేదో టేపు పెట్టి కొలవండి. తేడా ఉంటే గడువులోగా అభ్యంతరం రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. రాయడం రాకపోతే సంఘం ఆఫీసుకు రండి, కూర్చుని రాద్దాం.