బుకింగు చీటీ బేరం

విజయనగరం కంటోన్మెంటు ప్రాంతం నుంచి ఒక సోదరి రాసిన లేఖ ఈ నెల మా ముందున్నది. అందులో ఆమె తన ఇద్దరు కుమారుల సంగతి వివరించారు. పెద్ద కుమారుడు అమెరికాలోని టెక్సాస్‌లో ఉద్యోగి. పరిమిత సంఖ్యలో మాత్రమే తయారయ్యే ఒక వేగపు కారును ఆర్డరు చేయదలచాడు. కంపెనీ ప్రకటించిన ధరపై మరో 15,000 డాలర్లు ముట్టజెప్పితేనే ఆర్డరు స్వీకరిస్తానని అక్కడి డీలరు అన్నాడట. మన రూపాయల్లో పన్నెండు లక్షలు దాటిన మాట. “ఇచ్చినా నష్టం లేదమ్మీ, బండి చేతికి రాగానే అంతకంటే ఎక్కువకే పోతుంది” అన్నది కుమారుడి వాదన. చిన్న కుమారుడు ఇంటి పట్టునే ఉన్నాడు. కొత్త జీపు కోసం 21,000 రూపాయలు కట్టి వరుసలో నిలిచాడు. ఆ వరుసలో తన చోటు వదులుకుంటే నలభై వేలు ఇస్తామని ఎవరో ఇంటికే వచ్చారు. ఇక్కడ ఇంటిపై రెండో అంతస్తు వేయడానికి దాచిన సొమ్ములోంచే పెద్దవాడి అదనపు డాలర్లు కదలాలి. తండ్రి ఏమీ మాట్లాడడం లేదు. “వీటిలో ఏది ధర్మసమ్మతం, ఏది కాదు?” అని సోదరి అడిగారు.

ఈ చిక్కు అమెరికాలో పుట్టినది కాదు. యాభై ఏళ్లు దాటిన పాఠకులకు బజాజ్ చేతక్ స్కూటరు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1972లో వచ్చిన ఆ బండి కోసం ఏళ్ల తరబడి వేచిన కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోనూ ఉన్నాయి. కూతురు పుట్టినప్పుడు పేరు నమోదు చేస్తే పెళ్లినాటికి స్కూటరు వస్తుందని పెద్దలు పరిహాసమాడేవారు. గల్ఫ్ దేశంలో ఉన్న బంధువు విదేశీ మారకద్రవ్యంలో చెల్లిస్తే మాత్రం వరుసతో పని లేకుండా బండి దొరికేది. అలా వచ్చిన స్కూటర్లు మన ఇళ్ల ముంగిళ్లలోనూ నిలిచాయి. 1983లో మారుతి 800కు బుకింగు తెరిచినప్పుడు పదివేల రూపాయల చొప్పున డిపాజిట్టు కట్టి లక్షకు పైగా జనం పేర్లు నమోదు చేయించుకున్నారు. కారు దక్కినవారిలో కొందరు మరునాడే అధిక ధరకు అమ్మేసుకున్నారు. సినిమా టిక్కెట్టుకు వాడే ‘బ్లాకు’ అన్న మాటనే ఆనాడు మోటారు బండ్లకూ వాడారు.

కొరత ఉన్నచోట రెండు ధరలు పుట్టడం కొత్త కాదు. చూడవలసింది ఆ రెండో ధర ఎవరి చేతికి పోతున్నదన్నది.

అమెరికాలో కారును కంపెనీ నేరుగా కొనుగోలుదారునికి అమ్మడాన్ని అనేక రాష్ట్రాల చట్టాలు అడ్డుకుంటాయి. డీలరు కంపెనీ వద్ద కారును కొంటాడు, తన సొంత సరుకుగా అమ్ముతాడు. 1958లో సెనేటర్ మన్రోనీ చొరవతో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి కొత్త కారు అద్దానికి ధరల పట్టీ అంటించాలి. అయితే దానిపై ఉన్నది ‘సూచించిన’ ధర మాత్రమే. దానికి కట్టుబడవలసిన నిర్బంధం డీలరుకు లేదు. సాధారణ కార్లకు అతడే ఆ ధరపై తగ్గించి ఇస్తాడు. గిరాకీ మించిన కారు వచ్చినప్పుడు మాత్రం ఆ పట్టీ పక్కనే తన సొంత పట్టీ ఒకటి అంటించి, దానికి ‘మార్కెట్ సర్దుబాటు’ అని పేరు పెడతాడు. ఏ డీలరుకు ఎన్ని కార్లు కేటాయించాలో కంపెనీ ఎక్కువగా అతని గత అమ్మకాలను బట్టి నిర్ణయిస్తుంది. కేటాయింపు లేని డీలరు దగ్గర పేరు నమోదు చేసుకుంటే అది వట్టి పేరుగానే మిగిలిపోతుంది. మన సోదరి కుమారుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ధర గురించి కాదు, “మీకు ఈ ఏడు ఎన్ని కార్లు కేటాయించారు? నా వరుస సంఖ్య ఎంత?” అన్నది.

కంపెనీలకూ ఈ అదనపు వసూలు రుచించదు. 2018 నాటి డాడ్జ్ డీమన్ కార్లు మొత్తం 3,300. ప్రకటిత ధరకు మించకుండా అమ్మిన ఆర్డర్లనే ముందుగా తయారు చేస్తామని ఆ కంపెనీ డీలర్లకు చెప్పింది. ఫోర్డ్ జీటీ విషయంలో ఇంకా ముందుకు వెళ్లారు. తొలి విడత 500 కార్లకు 6,506 దరఖాస్తులు రాగా, కంపెనీయే కొనుగోలుదారులను ఎంచుకున్నది, రెండేళ్ల వరకు అమ్మరాదని ఒప్పందం రాయించుకున్నది. మల్లయోధుడు, నటుడు జాన్ సీనా కారు అందిన కొద్ది వారాలకే అమ్మేశారని 2017లో దావా కూడా వేసింది. మరుసటి ఏడు ఇరుపక్షాలు రాజీపడ్డాయి. కాబట్టి “రాగానే అమ్మేస్తాను” అంటున్న యువకుడు తాను సంతకం చేయబోయే కాగితంలో అటువంటి షరతు ఉన్నదేమో చదివి తీరాలి. ఇచ్చిన మాటను నెరవేర్చడం విశ్వాసికి ఐచ్ఛికం కాదు.

ఇక ధర్మశాస్త్రం సంగతి. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని కట్టడి చేయమని జనం కోరితే దైవప్రవక్త (సఅసం) అందుకు సమ్మతించలేదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. కనుక డీలరు అదనంగా అడిగినంత మాత్రాన అది హరామ్ అయిపోదు. అవసరానికి మించిన విలాస వస్తువుకు అమ్మేవాడు ముందే బాహాటంగా ధర చెప్పి, కొనేవాడు తెలిసి ఒప్పుకుంటే ఆ బేరం చెల్లుతుంది. ఒక ధరకు ఆర్డరు పుచ్చుకొని, బండి వచ్చిన రోజున మరో ధర చెప్పడం మాత్రం మోసం. ఇంకా తయారు కాని వస్తువును వివరాలు నిర్ణయించుకొని చేయించుకోవడాన్ని హనఫీ పండితులు ‘ఇస్తిస్నా’ పేర ఆమోదించారు. వస్తువు స్వరూపం, ధర స్పష్టంగా ఉండాలన్నది అందులో నియమం. “ధర తర్వాత చూద్దాం” అనే డీలరు దగ్గర ఆ నియమమే కుప్పకూలుతుంది.

స్పష్టత లేని బేరం ఎంత చేటో ఉద్దానం రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడ జీడితోటల కాపును పూత రాకముందే కొనుక్కునే వ్యాపారులున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి చెట్లను నేలకూల్చింది. రాని పంటకు తీసుకున్న సొమ్ము ఎవరిదన్న ప్రశ్న అటువంటి రోజున పుడుతుంది. పండు పక్వానికి రాకముందు తోట కాపును అమ్మరాదన్న ప్రవక్త నిషేధం సరిగ్గా ఈ ప్రశ్ననే ముందుగా తీర్చింది.

చిన్న కుమారుడి వ్యవహారం ఇంతకంటే సున్నితమైనది. ఇస్లామీయ చరిత్రలో దీనికి అచ్చమైన పోలిక ఒకటున్నది. మర్వాన్ బిన్ హకమ్ పాలనలో అల్‌జార్ రేవులోని ధాన్యానికి ప్రజలకు చీటీలు ఇచ్చారు. ధాన్యం చేతికి రాకముందే జనం ఆ చీటీలను ఒకరికొకరు అమ్ముకోసాగారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) మరో సహాబీతో కలిసి మర్వాన్ వద్దకు వెళ్లి, “వడ్డీ బేరాన్ని అనుమతిస్తున్నావా?” అన్న ధోరణిలో నిలదీశారు. మర్వాన్ భటులను పంపి, ఆ చీటీలను జనం చేతుల్లోంచి తీసుకొని అసలు హక్కుదారులకు తిరిగి ఇప్పించాడు. ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో ఈ ఉదంతం ఉన్నది. సరుకు స్వాధీనంలోకి రాకముందే కాగితాల మీద లాభం చేతులు మారడాన్ని సహాబాలు ఎంత తీవ్రంగా తీసుకున్నారో దీనివల్ల తెలుస్తుంది.

స్థిరపడిన హక్కును ప్రతిఫలం తీసుకొని వదులుకోవచ్చని కొన్ని సందర్భాల్లో అన్న సమకాలీన పండితులున్నారు. ఆ వెసులుబాటు ఇక్కడ వర్తించదని మా అభిప్రాయం. బుకింగు చీటీ పేరు పెట్టినవానిదే. మరొకరికి బదలాయించాలంటే ఎక్కడో ఒకచోట అబద్ధపు సంతకం పడుతుంది. 2024 అక్టోబరు 3న ఇటువంటి జీపు ఒకదానికి, మహీంద్రా థార్ రాక్స్‌కు, మొదటి గంటలోనే 1,76,218 బుకింగులు వచ్చాయి. అందులో నిజంగా బండి కావలసినవారెందరో, చీటీ అమ్ముకోదలచినవారెందరో ఎవరు చెప్పగలరు? రెండో రకంవారి వల్ల మొదటి రకంవారి నిరీక్షణ పెరుగుతుంది. అందుచేత బండి అక్కరలేకపోతే బుకింగు రద్దు చేసుకొని 21,000 వెనక్కు తెచ్చుకోవడమే సబబు. అక్కర ఉంటే వేచి ఉండాలి.

లేఖలో మరో మాట కూడా ఉన్నది. అరవై వేల రూపాయల ఉపకరణాలు, తాము చెప్పిన బీమా తీసుకుంటే బండి త్వరగా ఇస్తామని షోరూం వారు చిన్నవాడితో అన్నారట. మన దేశంలో అదనపు ధర ఎక్కువగా ఈ వేషంలోనే వస్తుంది. సీటు కవర్లు, మ్యాట్లు, ‘హ్యాండ్లింగ్’ చార్జీలు అంటూ దాన్ని ముక్కలు చేసి చూపుతారు. అమెరికా డీలరు కనీసం బాహాటంగా పట్టీ అంటించాడు. బీమా ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలో నిర్ణయించుకునే హక్కు కొనుగోలుదారునిదే. ప్రతి ఖర్చునూ విడివిడిగా రాసిన కొటేషన్ అడిగి తీసుకోవాలి. ఇవ్వనంటే అక్కడ కొనకపోవడమే మేలు.

అమెరికాలోని కుమారుడు ఇంకా అడ్వాన్సు కట్టలేదని సోదరి రాశారు. అడ్వాన్సు (ఉర్బూన్) విషయంలో మజ్‌హబుల మధ్య భేదమున్నది. బేరం తప్పితే అమ్మేవాడు దాన్ని ఉంచుకోరాదని హనఫీలు సహా అధికులు అంటారు. హంబలీలు ఉంచుకోవచ్చన్నారు. 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ నిర్ణీత గడువు షరతుతో దీన్ని అనుమతించింది. కాబట్టి డాలర్లు పంపేముందు మూడు సంగతులు కాగితం మీద రాయించుకోవాలి. మొత్తం ధర ఎంత, అది తర్వాత మారదన్న హామీ ఒకటి. ఏ తేదీ వరకు రద్దు చేసుకుంటే అడ్వాన్సు తిరిగి వస్తుందన్నది రెండవది. మళ్లీ అమ్మడంపై ఆంక్షలేమైనా ఉన్నాయా అన్నది మూడవది. పదిహేను వేల డాలర్ల అదనపు ధర మాటకొస్తే, కేటాయింపు ఉండి ప్రకటిత ధరకే ఇచ్చే డీలర్లు ఆ దేశంలో ఉన్నారు. వారి వద్ద వరుస పొడుగ్గా ఉంటుంది, అంతే. ఆ సొమ్ము అంతస్తు కోసం దాచినది గనుక, మాట్లాడవలసిన మొదటి వ్యక్తి డీలరు కాదు. మౌనంగా కూర్చున్న తండ్రిగారు.