కోట అడిగిన ప్రశ్న మనకూ తగులుతుంది

కోట శ్రీనివాసరావు గారు 2025 జులై 13న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అక్కడ తెల్లవారుజాము, ఇక్కడ రెడ్‌మండ్‌లో ఇంకా శనివారం మధ్యాహ్నమే. ఆ వారమంతా మనవాళ్ళ ఫోన్లలో తిరిగింది ఒకటే సీను. 'అహ నా పెళ్ళంట' (1987)లో పిసినారి లక్ష్మీపతి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినడం. నవ్వుకున్నాం, మంచిదే. కానీ ఆయన ఏళ్ళ తరబడి బాహాటంగా అడిగిన ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎవరూ పంపుకోలేదు. తెలుగు సినిమాకు విలన్లను బయటి భాషల నుంచి ఎందుకు తెస్తున్నారు, ఇక్కడ నటులు లేరా అని.

ఆ మాట వింటే మనకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. దుబాయిలో గానీ, సింగపూర్‌లో గానీ, ఇక్కడ గానీ మనం ఎవరం? బయటి నుంచి వచ్చిన వాళ్ళమే కదా! 'మా వాళ్ళు ఉండగా వీడెందుకు' అనే మాట నేను సైట్‌లో ముఖం మీదే విన్నాను. మరి కోట గారి వాదనకు మనం తల ఊపవచ్చా?

ఆయన దారి చూస్తే జవాబు దొరుకుతుంది. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం, సాయంత్రమైతే నాటకం. 'ప్రాణం ఖరీదు' ముందు నాటకమే. అది 1978లో సినిమా అయినప్పుడు ఆయనా తెర మీదకు వచ్చారు. చిరంజీవి మొదట కనిపించిందీ ఆ సినిమాలోనే. అయినా కోట గారికి అసలు గుర్తింపు 'ప్రతిఘటన' (1985) దాకా రాలేదు. ఏడేళ్ళు! వీసా కాగితాల కోసం ఎదురుచూసే మనకు ఆ ఏడేళ్ళు ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఆయన సొంతూరు కృష్ణా జిల్లా కంకిపాడు. 'ప్రతిఘటన'లో మంత్రి కాశయ్యగా మాట్లాడింది మాత్రం తెలంగాణ యాస. నేను కరీంనగర్ వాణ్ణి. ఆ మాట వింటే మా దిక్కు మనిషే అనిపించింది. ఆ యాసకు ఆయనా బయటివాడే. చెవిపెట్టి విని నేర్చుకున్నాడు.

అయితే ఇంకో మాట దాచకుండా చెప్పాలె. ఆ యాస ఎవరికి పెట్టిండ్రు? చెడ్డ మంత్రికి. 'గణేష్' (1998)లోనూ ఆయన విలన్ మంత్రే. మా భాష విలన్‌కో కమెడియన్‌కో తప్ప హీరోకు పనికిరాదా అని తెలంగాణ ఉద్యమం రోజుల్లో గట్టిగనే అడిగిండ్రు. అది న్యాయమైన కోపం. నా లెక్కలో తప్పు రాసినవాళ్ళది, తీసినవాళ్ళది. కానీ చప్పట్లలో వాటా నటుడికీ వచ్చింది, అదీ నిజమే.

తర్వాత ఆయన కూడా హద్దు దాటారు. తమిళంలో 'సామి' (2003), హిందీలో 'సర్కార్' (2005). 1999 నుంచి 2004 దాకా విజయవాడ తూర్పు ఎమ్మెల్యేగా ఉన్నా నటన వదల్లేదు. 2015లో పద్మశ్రీ వచ్చింది. కాబట్టి బయటివాడు రావద్దని ఆయన మాటకు అర్థం కాదనుకుంటా. మాట నేర్వకుండా, ముఖం చూపించి డబ్బు తీసుకుపోవద్దని.

ఈ లెక్క మన పనికీ సరిపోతుంది. ఇక్కడి సైట్లలో స్పానిష్ మాట్లాడేవాళ్ళు చాలామంది. షట్టరింగ్ విప్పేటప్పుడు 'ఆగు' అని వాళ్ళ భాషలో అరవడం రాని సూపర్‌వైజర్ ఎందుకు? డిప్లొమా ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోవడానికా?

సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఉగాదికి, దీపావళికి సినిమా వాళ్ళను పిలవండి, కాదనం. కానీ నాటికకు జనం భోజనాల లైన్‌లో ఉన్న టైమ్ ఇచ్చి, 'పావుగంటలో ముగించండి' అనకండి. స్టేజీ మీద పొద్దు గడిపినవాళ్ళలోంచే కోట వచ్చారు. ఈసారి ఒక గంట ఇవ్వండి. శ్రీకాకుళం, కడప, కరీంనగర్ మాటలు మూడూ ఉండాలి. కరీంనగర్ మాట మాట్లాడేవాడు ఈసారి దొంగ కాకుండా చూడండి. వేషం వేసేవాళ్ళు సైట్లలో ఉన్నరు, రిహార్సల్‌కు ఆదివారం ఖాళీయే.